కొండవీటి గోడలు, మోటుపల్లి మాట

ఈపురుపాలెములో పుట్టి పెరిగినవారికి కొండ యనునది దూరపు సంగతి. ఇక్కడ నున్నవి ఇసుక, ఉప్పుగాలి, మగ్గముల చప్పుడు. అయినను ఈ తీరమును ఒకప్పుడు ఏలినది కొండమీది కోటయే. అదియే చిలకలూరిపేటకును గుంటూరుకును నడుమనున్న కొండవీడు.

అద్దంకిలో మొదలైన రెడ్డిరాజ్యమునకు అనవోతారెడ్డి దీనిని రాజధానిగా చేసెను. ఎందుకు చేసెనో కొండ యెక్కినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. అద్దంకి మైదానపు ఊరు. ఇక్కడ సగము గోడను కొండయే కట్టి పెట్టినది. శిఖరముల అంచు వెంట, ఎగుడుదిగుళ్లను అనుసరించి, రాతిగోడ సాగిపోవును. నడుమ నడుమ బురుజులు. శత్రువు రొప్పుచు ఎక్కి రావలెను. కావలివాడు నిలిచినచోటినుండి చూచుచుండును. లోనికి కొలెపల్లి దర్వాజా, నాదెండ్ల దర్వాజా యని రెండు వాకిళ్లు, పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో కట్టినవి. దర్వాజా యను మాట తరువాత వచ్చిన గోలకొండవారి కాలపుదై యుండును.

గోడలకంటె నన్ను ఎక్కువసేపు నిలిపినవి చెరువులు. కొండమీద మూడు చెరువులున్నవి. వాననీరు వాటిలో నిలుచును. ఒకటి నిండిన నీరు మరియొకదానికి పోవును. ముట్టడి వచ్చి క్రిందికి దిగు దారి మూసికొనిపోయినప్పుడు, ఎంత ఎత్తు గోడయైనను దాహము తీర్చదు గదా! ఈ కోట కట్టినవారు ముందు నీటిని తలచిరి.

కొండమీద ఇంత జాగ్రత్తపడిన అనవోతారెడ్డియే 1358లో, మన చీరాలకు దగ్గరనున్న మోటుపల్లి రేవులో ఒక శాసనము వేయించెను. ఓడలమీద వచ్చు వర్తకులు భయము లేక వచ్చి పోవచ్చుననియు, కొడుకులు లేక చనిపోయినవాని సొత్తును ప్రభుత్వము తీసికొనదనియు మాట యిచ్చెను. అంతకు ముందు 1244లో కాకతి గణపతిదేవుడును అక్కడనే అభయశాసనము వేయించెను. రేవునకు వచ్చినవాడు నమ్మి సరుకు దింపినగాని కోటకు సొమ్ము రాదు. కొండవీటికి ఈ మాటయు ఒక గోడయే యని నాకు తోచును.

కడపటి రాజైన రాచవేముడు పురిటికి కూడ పన్ను వేసెననియు, ఆ కోపముతో సవరము ఎల్లయ యనువాడు అతనిని పొడిచెననియు జనులు చెప్పుకొందురు. కథ యెంత నిజమైనను, 1424 ప్రాంతమున రెడ్ల ఏలుబడి అక్కడ ముగిసెను. గోడలు మాత్రము చెక్కుచెదరలేదు.

పిమ్మట గజపతులు వచ్చిరి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు రెండునెలలకు పైగా ముట్టడించి, జూన్ 23న కోటను పట్టుకొని, గజపతి కుమారుడు వీరభద్రుని బందీగా కొనిపోయెను. 1579లో గోలకొండవారు గెలిచి ముర్తజానగరమని పేరు పెట్టిరి. ఆ పేరు ఊరివారి నోట నిలువలేదు. నేడు కొండమీదికి ఘాట్ రోడ్డు ఉన్నది. పిల్లలతో పోవువారు చెరువుగట్టున కూర్చుండి అన్నము తిని దిగి వచ్చుచున్నారు.