ఫ్లాష్ మెమరీ నుండి అనలాగ్ భాగాల తొలి అమరిక

ప్రోగ్రామబుల్ చిప్‌లోని అనలాగ్ భాగాలు పనిచేయవలసిన తీరును తెలిపే విలువలను, విద్యుత్తు అందగానే అదే చిప్‌లోని ఫ్లాష్ మెమరీ నుండి చదివి, ఆయా భాగాల రిజిస్టర్లలో నింపే ప్రక్రియను తొలి అమరిక లేదా ఇనిషియలైజేషన్ అంటారు. 2005లో అమెరికాకు చెందిన ఆక్టెల్ సంస్థ ప్రకటించిన ఫ్యూజన్ శ్రేణి ఎఫ్.పి.జి.ఏ. చిప్‌లు ఇందుకు మంచి ఉదాహరణ. ఆక్టెల్‌ను 2010లో మైక్రోసెమీ సంస్థ, మైక్రోసెమీని 2018లో మైక్రోచిప్ సంస్థ కొనుగోలు చేశాయి.

ఆవశ్యకత

ఫ్యూజన్ చిప్‌లోని డిజిటల్ వలయాల అనుసంధానాలు ఫ్లాష్ స్విచ్‌లతో ఏర్పడతాయి. విద్యుత్తు పోయినా అవి చెరిగిపోవు. కావున డిజిటల్ భాగం విద్యుత్తు రాగానే పనికి సిద్ధంగా ఉంటుంది. అనలాగ్ భాగం సంగతి వేరు. దాని అమరికను నిలుపుకొనే రిజిస్టర్లు పలకపై రాత వంటివి. విద్యుత్తు పోగానే అందులోని విలువలు పోతాయి. అందువలన ప్రతిసారీ వాటిని మరల నింపవలసి ఉంటుంది.

నిర్మాణం

ఈ శ్రేణి చిప్‌లలో 2 నుండి 8 మెగాబిట్ల వరకు ఫ్లాష్ మెమరీ ఉంటుంది. అనలాగ్ కాళ్ళు నాలుగేసి చొప్పున సమూహాలుగా ఉంటాయి. ఒక్కొక్క సమూహంలో వోల్టేజి, విద్యుత్ ప్రవాహం, ఉష్ణోగ్రతలను కొలిచే కాళ్ళు మూడు, బయటి ట్రాన్సిస్టరును నడిపే కాలు ఒకటి. ప్రతి సమూహానికి 8 బిట్ల రిజిస్టర్లు నాలుగు. 10 సమూహాలున్న పెద్ద చిప్‌కు 40 బైట్లు చాలును.

ప్రక్రియ

# లిబెరో అనే రూపకల్పన సాఫ్ట్‌వేర్‌లో రూపకర్త ప్రతి కాలి పరిధిని నిర్ణయిస్తాడు. ఆ విలువలు ఫ్లాష్ మెమరీలో చేర్చబడతాయి.
# విద్యుత్తు రాగానే, చిప్‌లోనే నిర్మించబడిన చిన్న తర్క వలయం ఫ్లాష్‌ను చదివి ఆ బైట్లను వరుసగా రిజిస్టర్లకు పంపుతుంది. దీనికి ప్రత్యేకంగా ప్రాసెసర్ అవసరం లేదు. ఈ రిజిస్టర్ల క్లాక్ 10 మెగాహెర్ట్జ్‌లకు మించరాదు.
# అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చే ఎ.డి.సి. తనను తాను సరిచూసుకొనుటకు 3,840 క్లాక్ ఆవర్తనాలు తీసుకుంటుంది. క్లాక్ 10 మెగాహెర్ట్జ్‌లైతే ఇది 384 మైక్రోసెకన్లు.
# ఇవన్నీ పూర్తయిన తరువాతనే కొలతలను నమ్మవలెను.

పొరపాటు అమరిక

ఫ్యూజన్ ఎ.డి.సి. ఆధార వోల్టేజి 2.56 వోల్టులు. 16 వోల్టుల పరిధిలో, 12 బిట్ల కొలతలో ఒక్కొక్క మెట్టు 4 మిల్లీవోల్టులు. కనుక 12 వోల్టులకు 3000 అనే అంకె వస్తుంది. 8 వోల్టుల పరిధిలో మెట్టు 2 మిల్లీవోల్టులే. అక్కడ అదే 3000 అంటే 6 వోల్టులు. రూపకల్పనలో పరిధిని 16కు మార్చి, ఫ్లాష్‌లో 8 వోల్టుల పాత విలువను అలాగే వదిలివేస్తే, 6 వోల్టులకు పడిపోయిన సరఫరా సక్రమంగా 12 వోల్టులున్నట్లు కనిపిస్తుంది. సరఫరాను కాపాడవలసిన వలయం ప్రమాదాన్ని గుర్తించదు. అందుచేత రూపకల్పన మారినపుడెల్లా ఫ్లాష్‌లోని విలువలను కూడా తిరిగి తయారుచేయాలి.

తరువాతి చిప్‌లు

2010లో వచ్చిన స్మార్ట్‌ఫ్యూజన్ శ్రేణిలో ఎఫ్.పి.జి.ఏ., అనలాగ్ భాగాలతోపాటు ఆర్మ్ కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్ కూడా ఒకే చిప్‌లో చేరింది.

ఇవి కూడా చూడండి

* ఎఫ్.పి.జి.ఏ.
* ఫ్లాష్ మెమరీ