నీలి నాలుక వ్యాధి
నీలి నాలుక వ్యాధి గొర్రెలకు వైరస్ వలన కలిగే వ్యాధి. దీనిని మూతివాపు వ్యాధి అని కూడా అంటారు. గొర్రెల పెంపకం ముఖ్య జీవనాధారమైన కర్నూలు, కడప మెట్ట ప్రాంతాలలో ఇది కాపరులకు తీవ్ర నష్టం కలిగిస్తుంది. వర్షాలకు వృద్ధి చెందే క్యూలికాయిడిస్ అనే దోమ వంటి చిన్న కీటకాలు దీనిని వ్యాపింపజేస్తాయి. జ్వరం, మూతి వాపు, నోటిపుండ్లు, కుంటడం ముఖ్య లక్షణాలు.

రోగనిరోధకత
వైరస్ పై పొరలోని వీపీ2 అనే ప్రోటీనును గొర్రె శరీరం గుర్తించి, వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అయితే ఈ ప్రోటీను ఒక్కొక్క సీరోటైపులో ఒక్కొక్క విధంగా ఉంటుంది. కావున ఒక రకం సోకి కోలుకున్న గొర్రెకు మరొక రకం నుండి సాధారణంగా పూర్తి రక్షణ లభించదు.

టీకా
ఈ కారణం చేతనే భారతదేశంలో రూపొందించిన టీకాలో 1, 2, 10, 16, 23 అనే ఐదు సీరోటైపుల నిర్జీవ వైరస్‌లను చేర్చారు.