సలాం మూర్ఛ కథ

పసిబిడ్డ నిదుర లేచిన వెంటనే ఒక్క కుదుపుతో తల ముందుకు వాల్చి, చేతులు చాచి, మరుక్షణమే మామూలు స్థితికి వచ్చును. కొంతసేపటికి మరల అట్లే. వరుసగా పది, ఇరువది మారులు. కొందరు దీనిని ఉలికిపాటనుకొందురు, మరికొందరు కడుపునొప్పి యందురు. 'బాలగ్రహ'మని తాయెత్తు కట్టించుటయు, వాత పెట్టించుటయు మన పల్లెలలో పూర్వాచారము. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రము శిశువులను బాధించు తొమ్మిది గ్రహములను పేర్కొన్నది. స్కందాపస్మారము వానిలో ఒకటి.

ఈ మూర్ఛను తొలిసారి వివరముగా వర్ణించినవాడు ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జి వైద్యుడు విలియం జేమ్స్ వెస్టు. రోగి ఆయన కన్నకొడుకే. 1841లో 'లాన్సెట్' పత్రికకు లేఖ వ్రాసి, ఇట్టి వ్యాధి నెరిగిన వైద్యులెవరైనను ఉపాయము తెలుపుడని వేడుకొనెను. జలగలు పట్టించెను, తల చల్లబరచెను, విరేచనములిచ్చెను, ఏదియు ఫలింపలేదు. నమస్కారము వలె వంగుటచే దీనికి 'సలాం మూర్ఛ' యను పేరు కలిగెను. ఆ బాలుడు బుద్ధి వికసింపకయే 1860లో, ఇరువదియేండ్ల ప్రాయమున మరణించెను.

ఆ లేఖ పిమ్మట నూరేండ్లకుపైగా గడచినవి. 1952లో గిబ్స్ దంపతులు ఈ శిశువుల మెదడు విద్యుత్తరంగములలోని గందరగోళమునకు ప్రత్యేక నామముంచిరి. 1958లో బెల్జియం వైద్యులు ఏ.సి.టి.హెచ్. అను హార్మోనుతో మూర్ఛలు తగ్గునని ప్రకటించిరి. తరువాత విగాబట్రిన్ వచ్చినది.

కారణము లనేకములు: ప్రసవసమయమున ప్రాణవాయువు చాలకపోవుట, పుట్టిన తొలి దినములలో రక్తమున చక్కెర తగ్గుట, మెదడునకు సోకిన జ్వరములు, జన్యుదోషములు. మేనిపై తెల్లమచ్చలతో కనబడు ట్యూబరస్ స్క్లెరోసిస్ మరియొకటి. వ్యాధి తరచు మూడవ నెలకును, పండ్రెండవ నెలకును నడుమ బయటపడును. పలువురిలో నవ్వు, చూపు, ఆట మందగించును. కొందరికి ముందుముందు వేరు విధములైన మూర్ఛలు వచ్చును. చికిత్స ఎంత త్వరగా మొదలైన ఫలితమంత మేలు. అంతకుముందు చక్కగా ఎదిగిన బిడ్డల విషయమున ఆశ మరింత అధికము.

కర్నూలులో 1957లోను, కడపలో 2006లోను వైద్య కళాశాలలు వెలసినవి. నాడు వెస్టునకు దొరకని జవాబు నేడు మన ఊరి దాపుననే కలదు. ఇట్టి కుదుపులు కనబడినచో, వీలైన వానిని చరవాణిలో చిత్రించి, ఆలసింపక వైద్యునకు చూపవలెను. ఇచ్చట పోవు ప్రతి వారమును బిడ్డ భవిష్యత్తులోనిదే.