చెరువును పహాణీలో ఎలా రాశాం?

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమన్నారు. రెవెన్యూలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక నాకు తెలిసిన నీళ్ళ సంగతే రాస్తున్నాను.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచింది. మరుసటి ఏడు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు, నగరానికి ఎగువన పరీవాహకంలో 788 చెరువులున్నాయనీ, వాటిలో 221 తెగాయనీ లెక్క తేల్చారు. పై చెరువు తెగితే కింది చెరువు గతేమిటన్నది ఆ లెక్కలో ఉంది. ఆ తరువాతే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి.

మన గొలుసుకట్టు చెరువుల పద్ధతీ అదే. పై చెరువు మత్తడి దుంకితే నీరు వాగుపట్టి కింది చెరువుకు చేరుతుంది. తూము తీస్తే ఆయకట్టుకు పోతుంది. పహాణీలో సర్వే నంబరు, విస్తీర్ణం, నీటి ఆధారం రాసేవాళ్ళం. మత్తడి నీరు ఎటు పోతుందో రాసే గడి మాత్రం లేదు.

1960ల్లో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ గారు కంప్యూటరు పటాలకు (జి.ఐ.ఎస్.) శ్రీకారం చుట్టారు. ఇలాంటి పటాలలోనూ చిక్కు మనదే. నది ఒక గీత, చెరువు ఒక మడి. మరి ఎండాకాలం నీళ్ళు లేకపోతే అది చెరువా, భూమా? ఏది దేన్ని అంటారో, దేనికి దేనితో సంబంధమో ముందే తేల్చి రాసుకోవడాన్ని ఆంటాలజీ అంటారు. 2018లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం వెలువరించిన ప్రమాణంలో, పడ్డ నీరంతా ఒకచోటికి చేర్చే పరీవాహకమే మూలం. పటం మీది గీతలూ మడులూ దాన్ని చూపే గుర్తులు.

నా తప్పూ చెప్పాలి. సర్వీసులో ఉండగా ఒక వేసవిలో పాత రికార్డు నకలు తీస్తూ, ఎండిన కుంట శిఖానికి ‘బీడు’ అని ఉంటే అలాగే దించేశాను. వెళ్ళి చూడలేదు. తరువాత అక్కడ ఇళ్ళు లేచాయి. మంచి వానలు పడిన ఏడు ఆ ఇళ్ళల్లో మోకాలిలోతు నీళ్ళు. 2020 అక్టోబరులో హైదరాబాదు గుర్రం చెరువు కట్ట తెగిందని విన్నప్పుడు ఆ నకలే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మిత్రులారా, మన ఊళ్ళలో ఏ మత్తడి నీరు ఏ చెరువుకు పోయేదో మనలో చాలామందికి ఇంకా జ్ఞాపకముంది. ఒక కాగితం మీద రాసి పంచాయతీలో ఇవ్వండి, ఒక ప్రతి మనవలకూ ఇవ్వండి. రేపు పటం గీసేవారికి పనికొస్తుంది.