ప్యారిస్ ముట్టడి నుంచి న్యూకాజిల్ దాకా: తిండితో షుగర్ తగ్గించాలన్న ప్రయత్నాల కథ

ఇవాళ ఎపిసోడ్ షుగర్ గురించి. టిప్స్ కాదండోయ్, చరిత్ర. ఎందుకంటే "మాత్రలు మానేయండి, ఈ డైట్ చేస్తే షుగర్ పోతుంది" అనే వీడియో ఒక్కసారైనా మీ ఫోన్‌కి వచ్చే ఉంటుంది. మీరు పట్టించుకోకపోయినా, ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు దాన్ని మీ నాన్నకో అమ్మకో పంపే ఉంటారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం ప్రాణం మీదికి తెస్తుంది. ఏది ఏ సగమో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముందు మన దగ్గర నుంచే మొదలుపెడదాం. సుశ్రుత సంహితలో ఈ జబ్బుని రెండు రకాలుగా చెప్పారు. ఒకటి పుట్టుకతో వచ్చేది, మనిషి సన్నగా చిక్కిపోయి ఉంటాడు. రెండోది తిండి వల్ల, కూర్చుని ఉండటం వల్ల వచ్చేది, మనిషి లావుగా ఉంటాడు. ఈ రెండోవాళ్లకి బాగా నడవమని, ఒళ్లు వంచి పనిచేయమని చెప్పారు. చరక సంహిత అయితే బార్లీని ముఖ్యమైన ఆహారంగా తినమంది. ఈ "రెండు రకాలు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక యూరప్‌కి వెళ్దాం. 1797లో బ్రిటిష్ సైన్యంలో డాక్టర్ జాన్ రోలో ఒక పుస్తకం అచ్చేశాడు. ఆయన పేషెంట్ కెప్టెన్ మెరెడిత్, బాగా లావుపాటి మనిషి. రోలో ఆయనకి రొట్టె, కూరగాయలు దాదాపు ఆపేసి మాంసం, కొవ్వు పెట్టాడు. అది కూడా ముక్క వాసన వచ్చే పాత మాంసం! మెరెడిత్ బరువు తగ్గాడు, మూత్రంలో తీపి తగ్గింది. ఇవాళ "లో కార్బ్" అంటున్నాం కదా, దాని తాతముత్తాతలు అక్కడున్నారు. కానీ ఆ తిండి ఎక్కువ రోజులు తినడం ఎవరి వల్ల అవుతుంది చెప్పండి?

అసలు మలుపు ప్యారిస్‌లో వచ్చింది. 1870 సెప్టెంబర్‌లో ప్రష్యా సైన్యం నగరాన్ని చుట్టుముట్టింది. 1871 జనవరి దాకా ముట్టడి. లోపలికి గింజ రాలేదు. జనం గుర్రాలు తిన్నారు, ఎలుకలు తిన్నారు, చివరికి జూలో ఏనుగుల్ని కూడా వదల్లేదు. ఆ ఊళ్లోనే అపొలినేర్ బుషార్డా అనే డాక్టర్ ఉన్నాడు. తిండి దొరక్క అందరూ చిక్కిపోతుంటే, తన షుగర్ పేషెంట్లలో కొందరికి మూత్రంలో చక్కెర కనపడకుండా పోవడం ఆయన గమనించాడు. ఏం తింటున్నారన్నదే కాదు, ఎంత తింటున్నారన్నదీ ముఖ్యమని ఆయనకి అర్థమైంది. తక్కువ తినండి, ఒంటికి పని చెప్పండి, మీ మూత్రం మీరే రోజూ పరీక్ష చేసుకోండి అని పేషెంట్లకి చెప్పేవాడు. మనం ఇవాళ ఇంట్లో వేలు గుచ్చి చూసుకుంటున్నామే, ఆ ఆలోచన అప్పటిది.

ఇక్కడి నుంచి కథ చీకట్లోకి వెళ్తుంది. 1914 తర్వాత అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ ఈ "తక్కువ తిండి" సూత్రాన్ని చివరి అంచుదాకా తీసుకెళ్లాడు. పేషెంట్లని ముందు ఉపవాసం ఉంచి, తర్వాత చాలా కొద్దిగా పెట్టేవాడు. ఆయన క్రూరుడేం కాదు. ఆ రోజుల్లో వేరే దారి లేదు. ఆయన దగ్గరికి పిల్లలు కూడా వచ్చేవాళ్లు. ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయికి 11 ఏళ్లప్పుడు, 1919లో జబ్బు బయటపడింది. 1922 నాటికి, 15 ఏళ్లు వస్తున్న ఆ పిల్ల బరువు ఎంతో తెలుసా? సుమారు 20 కిలోలు. తిండి తగ్గించడం ఆ పిల్లని నయం చేయలేదు, చావుని కొంతకాలం ఆపిందంతే.

ఎందుకంటే ఆమెది మొదటి రకం. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. అలాంటివాళ్లకి ఏ డైట్ పెట్టినా ఇన్సులిన్‌కి బదులు కాదు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ని వేరుచేశారు. 1922 జనవరిలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి మొదటిసారి ఇచ్చారు. ఆగస్టులో ఎలిజబెత్ కూడా టొరంటో చేరింది. ఆ తర్వాత ఆమె పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, 1981 దాకా బతికింది. ఇప్పుడు చెప్పండి, "అందరూ ఇన్సులిన్ మానేయండి" అని వీడియో చేసేవాళ్లని ఏమనాలి?

మరి రెండో రకం? 1936లో లండన్‌లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ పేషెంట్లకి గ్లూకోజ్, ఇన్సులిన్ కలిపి ఇచ్చి చూశాడు. కొందరి ఒంట్లో ఇన్సులిన్ చక్కగా పనిచేసింది. కొందరిలో ఇచ్చినా పెద్దగా పనిచేయలేదు. అంటే ఇవి రెండు వేరువేరు జబ్బులు. సుశ్రుతుడు కంటితో చూసి చెప్పిన తేడా ల్యాబ్‌లో తేలిందన్నమాట.

1950ల్లో మాత్రలు వచ్చాయి, మెట్‌ఫార్మిన్ కూడా అప్పుడే. మాత్రలు లక్షలమందిని కాపాడాయి, అందులో అనుమానం లేదు. కానీ తిండి వెనక సీట్లోకి వెళ్లింది. రెండో రకం షుగర్ ఒకసారి వస్తే పెరుగుతూ పోవడమే, జీవితాంతం మాత్రలే అన్న అభిప్రాయం గట్టిపడింది.

దాన్ని కదిపింది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ డాక్టర్ రాయ్ టేలర్. బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవాళ్లకి కొద్దిరోజుల్లోనే, ఇంకా బరువు పెద్దగా తగ్గకముందే, షుగర్ నార్మల్‌కి వస్తోంది. అది కత్తి మహిమా, తిండి ఒక్కసారిగా తగ్గడం వల్లా? 2011లో ఆయన 11 మందికి 8 వారాలు రోజుకి 600 క్యాలరీల తిండి పెట్టి చూశాడు. పొద్దున్న పరగడుపు షుగర్ ఒక్క వారంలో నార్మల్‌కి వచ్చింది. ముందు లివర్‌లో పేరుకున్న కొవ్వు దిగింది, తర్వాత పాంక్రియాస్‌లోది తగ్గుతూ వచ్చింది, ఇన్సులిన్ మళ్లీ ఊరడం మొదలైంది. బుషార్డా ప్యారిస్‌లో చూసిందానికి 140 ఏళ్ల తర్వాత కారణం దొరికింది.

2017లో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది, పేరు డైరెక్ట్. జబ్బు వచ్చి 6 ఏళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు, మొత్తం 298 మంది. ఏడాదికి డైట్ గ్రూపులో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. మామూలు వైద్యం గ్రూపులో 4 శాతం మందికే. 15 కిలోలు, ఆ పైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. కానీ రెండేళ్లకి 46 కాస్తా 36 అయింది. బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది. అందుకే డాక్టర్లు "నయమైంది" అనరు, "రెమిషన్" అంటారు. జబ్బు వెనక్కి తగ్గి కూర్చుంది, ఊరొదిలి పోలేదు.

మరి మన సంగతి? 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే. తెలంగాణలో, రాయలసీమలో ఒకప్పుడు జొన్న రొట్టె, రాగి సంకటి రోజువారీ తిండి. వరి అన్నం పండగ తిండి. కాలువలు, బోర్లు, 1983లో ఎన్టీఆర్ తెచ్చిన 2 రూపాయల కిలో బియ్యం, ఇవన్నీ కలిసి తెల్లన్నం అందరి కంచంలోకీ వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న విషయం కాదు. కానీ ఒంటికి పని తగ్గాక కూడా కంచంలో అన్నం కుప్ప తగ్గలేదు. అలాగని రాగి సంకటి ఎంతైనా తినొచ్చని కాదు. ముద్ద పెద్దదైతే షుగర్ పెరుగుతుంది. అన్నం సగం చేసి పప్పు, కూర పెంచడం మన కంచానికి సరిపోయే మొదటి అడుగు.

చివరిగా ఒక మాట. డైరెక్ట్ పరీక్షలో కూడా మాత్రలు ఆపింది డాక్టర్లే, వైద్య పర్యవేక్షణలోనే ఆపారు. షుగర్ మాత్రలు కొన్ని, ఇన్సులిన్, వాడుతూ సడన్‌గా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. కాబట్టి నాన్నకి వీడియో ఫార్వర్డ్ చేయడం కాదు, ఆయన రిపోర్టులు తీసుకుని మీరే డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. "మా నాన్నకి జబ్బు వచ్చి ఇన్నేళ్లు, బరువు ఇంత, తిండితో తగ్గించే అవకాశం ఉందా, ఏ మాత్ర ఎప్పుడు తగ్గించాలి?" అని అడగండి. మొదటి కొన్నేళ్లలోనే ఆ అవకాశం ఎక్కువ, అందుకే ఆలస్యం వద్దు.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.