అంగడికెక్కని బొంత

జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. చేర్యాల నకాషీ బొమ్మలకు ఉంది. వరంగల్ కొత్తవాడ మగ్గాల మీది దర్రీలకు 2018లో వచ్చింది. అక్కడి నుంచి కాళేశ్వరం దాకా ఇంటింటా ఉండి కూడా ఏ జాబితాకూ ఎక్కనిది బొంత. చేసినవాళ్ళు అమ్మలేదు, కప్పుకున్నవాళ్ళు కొనలేదు. ధర కట్టని పనిని ఎవరూ కళ అనలేదు, వృత్తి అని కూడా అనలేదు. అందుకే బొంత చరిత్ర కావాలంటే దాని లోపలికి పోయిన బట్ట వెంట నడవాలి. ఇంట్లో ఏ కాలంలో ఏ బట్ట చినిగితే ఆ కాలపు బొంత అదే.

చినిగినవాటిని కలిపి కుట్టుకోవడం ఈ నేలకు పాత అలవాటు. పారేసిన గుడ్డలు ఏరి కుట్టిన చీవరాలు కట్టినవాళ్ళు బౌద్ధ భిక్షువులు. గట్లతో విడివడిన మగధ వరిమళ్ళను ఆనందుడికి చూపించి, ముక్కలు ఆ వరసలో అతకమని బుద్ధుడు చెప్పాడని వినయపిటకంలో ఉంది. గోదావరికి ఇవతల ధూళికట్టలో స్తూపం కట్టుకున్న భిక్షువులు కట్టినవీ ఆ చీవరాలే. తర్వాత యోగులూ బైరాగులూ భుజాన వేసుకుని తిరిగింది బొంత. మన పాలకుర్తి సోమనాథుడు బసవపురాణంలో చోటిచ్చిన భక్తుల్లో జేడర దాసయ్య ఒకడు, నేతగాడు. శివుడు ముసలి జంగమ రూపంలో వచ్చి, అతను నేసిన బట్ట అడిగి పుచ్చుకుని, కళ్ళముందే పీలికలు చేశాడని వీరశైవుల కథ. దాసయ్య కోపం తెచ్చుకోలేదట.  ఇంటి ఆడవాళ్ళు చెప్పిన కథయితే ఆ పీలికలు బొంతయ్యేవి.

13వ శతాబ్ది చివర్లో కాకతీయుల రాజ్యం గురించి రాస్తూ మార్కోపోలో ఇక్కడి బట్టను సాలెగూడంత సన్ననిదని మెచ్చుకున్నాడు. ఆ సన్న బట్ట మోటుపల్లి రేవులో ఓడలెక్కింది. ఊళ్ళో మిగిలింది ముతక నేత, బొంతకు కావలసిందీ అదే.

ముతక నూలు చీర ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి మెత్తబడుతుంది. నడుము దగ్గర పిగిలిపోతుంది కానీ అంచూ కొంగూ గట్టిగానే ఉంటాయి. పిగిలినవి లోపలి పొరలకు, గట్టివి పైకీ కిందికీ. నాలుగైదు పొరలు నేల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేసి, గాలికి లేవకుండా మూలల మీద రాళ్ళో రోకలో పెడతారు. ముందు దూరం దూరంగా టాకాలు వేసి పొరలను పట్టిస్తారు. తర్వాత పెద్ద సూది, రెండు పేటల దారం. కొందరు పొడవాటి వరసలుగా కుడతారు, కొందరు అంచు నుంచి లోపలికి చుట్లుగా తిరుగుతారు. వరసకూ వరసకూ మధ్య బొటనవేలంత జాగా చాలు, ఎడం ఎక్కువైతే లోపలి గుడ్డ ఉండలు కడుతుంది. దారం తెగితే ముడి పైకి కనబడనివ్వరు. చలికాలానికి పెద్దది, పుట్టింటికి కాన్పుకొచ్చిన బిడ్డ కోసం చిన్నది. పసిపిల్ల బొంతలోకి కొత్త బట్ట రానివ్వరు, ఒరుసుకుంటుందని.

పెద్ద బొంత ఒక్కరి వల్ల కాదు. కోతలు అయిపోయాక మధ్యాహ్నాల్లో నాలుగు దిక్కులా నలుగురు కూర్చునేవాళ్ళు. వదిన ఒక పక్క, పక్కింటి అత్త ఒక పక్క, సూదిలో దారం ఎక్కించడానికి చూపున్న పిల్ల ఒకతె. ఈ వారం నీ బొంత, వచ్చే వారం నాది. ఎవరి కుట్టు ఎవరిదో తెలిసిపోతుంది: ఒకరిది పొట్టి కుట్టు, ఒకరిది వంకర. మాట్లాడుకోవడానికి వచ్చి కుట్టినవాళ్ళే ఎక్కువని నా అనుమానం.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డు మహారాష్ట్ర. వంతెన రాకముందు పడవెక్కి సిరోంచకు పోతే, అక్కడా ఇదే బొంత గోధడి పేరుతో కనిపించేది. ఉత్తర కర్ణాటకలోని సిద్దీ తెగవాళ్ళ కవంది బొంతకు ఇంకో అక్క. అది అంచు దగ్గర మొదలై చుట్టూ తిరిగి నడిమికి చేరుతుంది, మూలలకు పువ్వులా మడిచిన గుడ్డలు కుడతారు. మహబూబాబాద్ తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు గుడ్డ పొరల మీద పోగు కుట్టు వేసి, దాని మీద అద్దాలూ గవ్వలూ కుట్టారు. సంచార కులాల ఆడవాళ్ళు వీధుల్లో కేకేసుకుంటూ వచ్చి, మన పాత చీరలే తీసుకుని కూలికి కుట్టిపెట్టేవాళ్ళు. బొంతకు డబ్బు ముట్టింది వీళ్ళ దగ్గరే, అదీ కుట్టు కూలి.

1934లో వరంగల్‌లో నిజాం కొడుకు పేరున ఆజంజాహి మిల్లు లేచింది. మిల్లు బట్ట చవక, నునుపు, త్వరగా పలుచబడేది. 1936లో కలకత్తాలో ఉషా కుట్టు మిషన్ మొదలైంది, అది మెల్లగా పల్లెలకూ వచ్చింది. మిషన్ మన కుట్టును మార్చిన తీరు విచిత్రం. రవికెలూ లంగాలూ దాని కిందికి పోయాయి, కుట్టిన ఆడమనిషి చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి, కానీ ఆమె ఒంటరిగా గోడ వైపు తిరిగి కూర్చుంది. ఐదు పొరల బొంత మిషన్ పాదం కిందికి దూరలేదు. దాంతో అది చేతిలోనే ఉండిపోయింది, నలుగురి మధ్యనే ఉండిపోయింది.

దాన్ని వెనక్కి నెట్టినవి రెండు. ఒకటి సోలాపూర్ చద్దరు. దాన్ని నేసినవాళ్ళలో తెలంగాణ నుంచి వలసపోయిన మన పద్మశాలీలే చాలామంది. రెండోది పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే వ్యాపారం. అంతకుముందు చినిగిన చీరకు బొంత తప్ప ఇంకో గతి లేదు. గిన్నెల బుట్ట గుమ్మం ముందుకు వచ్చిన రోజు దానికి మొదటిసారి ధర పలికింది: నాలుగు చీరలకో డబ్బా, పట్టు అంచు ఉంటే మూతతో సహా. ఏ ఇల్లాలైనా డబ్బానే ఎంచుకుంటుంది, తప్పేముంది!

ఆ తర్వాత నైలాన్, దాని వెనకే పాలిస్టర్. పాలిస్టర్ చీర చినగదు, చెమట పీల్చదు, పొర మీద పొర నిలవక జారిపోతుంది. చుట్టూ చూస్తే అంతా పత్తి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాల గుట్టలు. పత్తి పోయి 1997-98లో రైతులు ప్రాణాలు తీసుకున్న జిల్లా ఇది. ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. 2017 నుంచి కొన్నేళ్ళు సర్కారు పంచిన బతుకమ్మ చీరలు సిరిసిల్ల మరమగ్గాల మీది పాలిస్టరే. పత్తి పండించే ఇంట్లో బొంతకు సరిపడా నూలు గుడ్డ కరువైంది.

కుట్టు మాత్రం ఆగలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాస్కులు కుట్టింది పొదుపు సంఘాల ఆడవాళ్ళు. 2024లో తెలంగాణ సర్కారు బడిపిల్లల యూనిఫారాలూ వాళ్ళకే అప్పజెప్పింది. ఇది జతకు ఇంత అని లెక్క కట్టిన పని.

లెక్క లేని కుట్టు ఫోన్‌లోకి మారింది. లాక్‌డౌన్ నెలల్లో మొదలై నిలిచిపోయిన అలవాటు ఇది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి వీడియో కాల్ పెడతారు. హనుమకొండలో తల్లి, డాలస్‌లో కూతురు, బెంగళూరులో చిన్నమ్మ, ఎవరి గుడ్డ వాళ్ళ ఒళ్ళో. "కుట్టు వదులైంది, లాగు" అని తల్లి తెర లోంచే కసురుతుంది. ఒకే బొంతకు నాలుగు పక్కలా కూర్చునే వీలు లేదు కాబట్టి ఎవరి బొంత వాళ్ళదే. పూర్వం ఉన్న మాటలు ఉన్నాయి, ఒకరి వంకర కుట్టు ఇంకొకరు విప్పి కుట్టే చనువు పోయింది. అదేమంత చిన్న నష్టం కాదు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు అక్కడి క్విల్టు చూశాక బొంత మీద గౌరవం పెరిగింది. అలబామాలో జీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి ఆడవాళ్ళు, పత్తి చేలల్లో చాకిరీ చేసిన బానిసల వారసులు, పాత పని బట్టలతో బొంతలు కుట్టుకునేవాళ్ళు. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ పేరుతో సహకార సంఘం పెట్టుకుని అమ్మకం మొదలుపెట్టారు. 2002లో జీస్ బెండ్ బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికి వచ్చాయి. వాళ్ళకు ఎండా పత్తీ పేదరికమూ మనలాంటివే. తేడా ఒక సంఘం, ఒక ధర చీటీ.

మన దగ్గర మళ్ళీ కుట్టాలనుకుంటున్న పిల్లలకు సూది పట్టడం నేర్పే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. కొరత గుడ్డకే. బీరువా తీస్తే జార్జెట్లూ సింథటిక్ పట్టూ. అమ్మమ్మ గిన్నెలవాడికి వేసినలాంటి నూలు చీరలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో 'వింటేజ్ కాటన్' పేరుతో కట్టల్లెక్కన దొరుకుతున్నాయి, రవాణా ఖర్చు అదనం.