గుండెలో బెలూన్: ప్రాణం కాపాడేది ఎప్పుడు, నొప్పి తగ్గించేది ఎప్పుడు?

మా లింగాల వైపు ఎవరికైనా గుండె నొప్పి వచ్చిందంటే, రెండు రోజుల తర్వాత ఊళ్లో వినపడే మాట ఒకటే: "స్టెంట్ ఏసినారంట." ఎందుకు వేసినారు, వేయకపోతే ఏమయ్యేది అని అడిగేవాళ్లు తక్కువ. ఆ జవాబు కోసం అరవై ఏళ్లు వెనక్కి పోవాలి.

1964 జనవరి 16. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల ఒక అవ్వ కాలు కుళ్లిపోతోంది. కాలు తీసేయాలన్నారు సర్జన్లు, అవ్వ ఒప్పుకోలేదు. చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు, మూసుకుపోయిన రక్తనాళంలోకి ఒకదానికంటే ఒకటి లావుగా ఉండే గొట్టాలు దూర్చి దారి చేశాడు. ఆమె మళ్లీ తన కాళ్ల మీద నడిచింది.

ఈ ఐడియాకు బెలూన్ తగిలించింది ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. జూరిక్‌లో డాక్టరు. పగలు ఆసుపత్రి, రాత్రి ఇంట్లో వంటగది టేబుల్ మీద బెలూన్ తయారీ! 1977 సెప్టెంబర్ 16న అడాల్ఫ్ బాక్‌మన్ అనే యువకుడి గుండె రక్తనాళంలో ఆ బెలూన్‌ను ఉబ్బించాడు. ఛాతీ కోయలేదు, మనిషికి మెలకువగానే ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా బాక్‌మన్ బాగానే ఉన్నాడు. గ్రుంట్‌జిగ్ మాత్రం 1985లో విమాన ప్రమాదంలో పోయాడు, 46 ఏళ్లకే.

ఇక్కడ ఒక మాట. బెలూన్ కొవ్వును బయటికి తీయదు, గోడకు అదిమేస్తుంది, అంతే. అందుకే సుమారు మూడో వంతు మందిలో కొన్ని నెలల్లోనే నాళం మళ్లీ సన్నబడేది. దానికి ప్యాచ్‌గా 1986లో లోహపు జాలీ, అంటే స్టెంట్ వచ్చింది. ఆ జాలీలో కూడా కండ పెరుగుతోందని 2002 ప్రాంతంలో మందు పూసిన స్టెంట్ వచ్చింది. ప్యాచ్ మీద ప్యాచ్, మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన కథ.

మనవాళ్ల వంతు కూడా ఉంది. 1990ల్లో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చు స్టెంట్ చేశారు, కలాం-రాజు స్టెంట్ అంటారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలుపెట్టిన రాజశేఖరరెడ్డి మన పులివెందులలో ఆసుపత్రి నడిపిన ఎంబీబీఎస్ డాక్టరే. 2017లో కేంద్రం స్టెంట్లకు గరిష్ట ధర పెట్టింది: మామూలుది 7,260 రూపాయలు, మందు పూసింది 29,600.

సరే, పని చేస్తుందా? ఇక్కడే రెండు వేర్వేరు జబ్బుల్ని మనం ఒకటి చేసేస్తున్నాం.

మొదటిది అటాక్. నాళం గడ్డతో ఒక్కసారిగా మూసుకుపోతుంది, గుండె కండ నిమిషం నిమిషానికి చస్తుంది. ఇక్కడ బెలూన్ నిజంగా ప్రాణదాత. 23 పరిశోధనల్ని కలిపి 2003లో లెక్క తీస్తే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చిన 100 మందిలో 9 మంది చనిపోతే, యాంజియోప్లాస్టీ చేసిన 100 మందిలో 7 మంది.

రెండోది నిలకడ నొప్పి. చీనీ తోటలో బరువు మోస్తే ఛాతీ పట్టేస్తుంది, కూర్చుంటే తగ్గుతుంది. వీళ్లలో స్టెంట్ వేసినా, మంచి మందులు మాత్రమే ఇచ్చినా, చావుల్లో తేడా కనపడలేదు. 2007లో కరేజ్, ఆ తర్వాత 5,179 మందితో చేసిన ఇస్కీమియా పరిశోధన, రెండూ ఇదే చెప్పాయి. కారణం డ్రిప్ పైపులాంటిది. ఒకచోట ఉప్పు తీసినంత మాత్రాన లైనంతా శుభ్రం కాదు. అటాక్ చాలాసార్లు చిన్న అడ్డు పగిలి గడ్డ కట్టడం వల్ల వస్తుంది. దాన్ని ఆపేది బీపీ, కొలెస్ట్రాల్ మందులు, బీడీ మానేయడం.

అలాగని స్టెంట్ దండగ అనుకోవద్దు. మందులు పక్కనపెట్టి 301 మంది మీద చేసిన ఆర్బిటా-2 పరిశోధనలో, ఉత్తుత్తి ప్రొసీజర్ చేసినవాళ్లకంటే నిజంగా చేసినవాళ్లకు నొప్పి బాగా తగ్గిందని 2023లో తేలింది. ఎడమవైపు ప్రధాన నాళం మూసుకున్నా, గుండె పంపింగ్ బాగా తగ్గినా లెక్క వేరు, అది డాక్టరే చెప్పాలి. నా మాటేమంటే, నిలకడ నొప్పికి ఆ రాత్రే తోట తాకట్టు పెట్టే తొందర అక్కర్లేదు. "ఇది అటాకా? మందులతో ఆగొచ్చా సార్?" అని అడగడానికి టైముంది.

అటాక్‌కు మాత్రం టైము లేదు. క్యాథ్ ల్యాబ్ కోసం లింగాల నుంచి కడపకో తిరుపతికో పోవాలి. రెండు గంటల్లోపు బెలూన్ అందదనుకుంటే ముందు గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించడమే పద్ధతి. మన రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో దాన్ని ఉచితంగా ఇచ్చే స్టెమీ కార్యక్రమం 2023లో వచ్చింది. కాబట్టి గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి.

ఆ, ఇంకోటి. స్టెంట్ వేసుకున్న నాయన ఇంట్లో ఉంటే, రక్తం పలచబడే మాత్రలు డాక్టరు చెప్పినట్టు వేసుకుంటున్నాడో లేదో ఈరోజే చూడండి. పన్ను పీకించుకోవాలని సొంతంగా ఆపేస్తే, ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు.